సెలవురోజు క్షవరం

ఆ సెలూన్ ఓనరు మంచివాడు. చిక్కంతా అక్కడే వచ్చింది. చెడ్డవాడైతే గుమ్మం దాటాక నాలుగు తిట్లు తిట్టుకుని తేలికపడొచ్చు. ఈయన వాకిట్లో మెట్టు దగ్గరికి తనే ఎదురొచ్చాడు. పనివాడొకణ్ణి పిలిచి, చక్రాల కుర్చీని అటొకరు ఇటొకరు పట్టుకుని, బీరువా ఎత్తినట్టు ఎత్తి లోపల దించాడు. ఫ్యాను ఇటు తిప్పాడు. మంచినీళ్ళిచ్చాడు. నున్నటి బట్టతల తుడుచుకుంటూ, "మనుషులు కావాలని బోర్డు పెట్టిన మాట నిజమేనండీ. ఒక్క తల చేసి చూపించండి, తర్వాత మాట్లాడుకుందాం" అన్నాడు.

చక్రాల కుర్చీలో ఉన్నవాణ్ణి అందరూ ఇప్పటికీ పొడుగు అనే పిలుస్తారు. పాత సెలూన్లో తల వంచి గుమ్మం దాటవలసినవాడు అతనొక్కడే. ఆ ఎత్తునుంచి చూడటం వల్లనో ఏమో, అతనికి మనుషుల మొహాలు గుర్తుండేవి కావు, తలలు గుర్తుండేవి. రోడ్డు మీద క్షవరానికొచ్చే బేరం ఎవరైనా పలకరిస్తే తెల్లమొహం వేసేవాడు. ఆ మనిషి దాటిపోయి వీపు చూపించగానే, "ఓహో, ఎడమవైపు సుడి! మీరా!" అని వెనక్కి పిలిచి కుశలం అడిగేవాడు. కాళ్ళు పడిపోయాక మనుషులు కిందినుంచి కనపడుతున్నారు. గడ్డాలు, ముక్కుపుటాలు, చొక్కా జేబులు. ఎవరూ తెలిసినవాళ్ళలా లేరు.

కొంచెమైనా ఎత్తొస్తుందని ఆ రోజు ఇంట్లో ఉన్న తలగడలు రెండూ తెచ్చుకుని కిందేసుకున్నాడు. నడుము కింద పట్టులేనివాడు తలగడల మీద నిలకడగా ఉండలేడని తెలుసు. తెలిసే తెచ్చాడు. అద్దం ముందు లావుపాటి పెద్దమనిషి ఒకాయన కూర్చుని ఉన్నాడు. పొడుగు గుడ్డ విదిలించి ఆయన మెడకు చుట్టాడు, దువ్వెన తడిపాడు. అంతలో చెయ్యి తనంతట తనే ఆయన కుర్చీ పక్కనున్న మీట మీదికి పోయింది. పొడుగుమనిషికి నడుము వంగకుండా పని జరగాలంటే ముందు కూర్చున్నవాణ్ణి తన ఛాతీదాకా లేపుకోవాలి. ఇన్నేళ్ళూ ఏ బేరం వచ్చినా మొదట చేసిన పని అదే. ఒకసారి నొక్కాడు. ఇంకోసారి నొక్కాడు. మూడోసారి నొక్కేసరికి పెద్దమనిషి మెల్లగా అద్దంలోంచి పైకి వెళ్ళిపోతున్నాడు.

"ఎక్కడికి బాబూ, పైకేనా? ఇంట్లో చెప్పి రాలేదు" అన్నాడాయన.

బల్ల మీద కూర్చున్నవాళ్ళు నవ్వారు. పనివాళ్ళు నవ్వారు. పొడుగు కూడా నవ్వాడు. నవ్వక ఏం చేస్తాడు? చేతులు చాపితే ఆయన చెవులదాకా అందాయి. ఇంకొంచెం సాగబోతే తలగడ జారింది. ఓనరు చప్పున వచ్చి అతని భుజం పట్టుకుని సరిగ్గా కూర్చోబెట్టి, కత్తెర తను అందుకుని, ఆ తల తనే పూర్తి చేశాడు. తర్వాత మెట్టు దించుతూ, "ఆరోగ్యం చూసుకోండి. ఏదన్నా ఉంటే కబురు పెడతాను" అన్నాడు. ఆ చెప్పడంలో అబద్ధం ఆడుతున్నానన్న సిగ్గు కూడా ఉంది. అంత మంచివాడు.

ఇంట్లో అత్తగారు వంటగదిలో చిన్న పీట వేసుకుని బఠాణీలు వలుస్తోంది. నుదుటి మీద పడుతున్న తెల్లజుట్టుని మోచేత్తో నెట్టుకుంటూ, "ఏమన్నాడు?" అని అడిగింది.

"కబురు పెడతానన్నాడు."

"ఇప్పటికి ఎంతమంది పెడతామన్నారు అల్లుడూ, వాళ్ళందరూ పెడితే ఇల్లు పట్టదు" అంది. ఇంకో కాయ వలిచి, "తలగడలు ఇటు పారెయ్యి, మధ్యాహ్నం నాకు నడుము వాలుతుంది" అంది. ఆవిడ ఓదార్పు ఎప్పుడూ అలాగే ఉంటుంది. పొడుగుకి అది ఓనరు మంచినీళ్ళ కన్నా నయమనిపించింది.

సాయంత్రం పక్క కుర్చీ వచ్చాడు. పాత సెలూన్లో ఇతని పక్క కుర్చీలో పనిచేసినవాడు కాబట్టి ఇంటిల్లిపాదికీ అతని పేరు అదే అయిపోయింది. ఆ సెలూన్ ఇప్పుడు ఇరుకు మెట్ల మీదుగా మేడ పైకి మారింది. లేకపోతే పొడుగు అక్కడే ఉండేవాడేమో. పక్క కుర్చీ వచ్చీరాగానే అలవాటుగా ఇతని జుట్టులో వేళ్ళు పెట్టి చూశాడు.

"ఏంట్రా ఇది, సన్యాసుల్లో కలుస్తావా? మెడ దాటిపోయింది. గడ్డంలో పిచ్చుకలు గూడు పెట్టేలా ఉన్నాయి. తియ్యనా?"

"వద్దు."

"ఊరికే చివర్లు సరిచేస్తాను."

"వద్దన్నానుగా."

క్షవరం పనివాళ్ళలో ఒక కట్టుబాటు ఉంది. ఎంత పనివాడైనా తన తల తను కత్తిరించుకోలేడు. అందుకని సెలవురోజున ఒకరి తల ఒకరు చూస్తారు. నువ్వు నాకు చేస్తే నేను నీకు చెయ్యాలి, అదే పూట, అదే చోట. బదులు ఉంచుకోకూడదు. ఈ ఇద్దరూ పెళ్ళిళ్ళు కాకముందునుంచీ ప్రతి సెలవుకీ అలాగే చేసుకున్నారు. కాళ్ళు పడిపోయినప్పటినుంచీ పొడుగు తల అప్పగించడం మానేశాడు. తిరిగి చెయ్యలేనివాడు చేయించుకోకూడదని అతని పట్టుదల. చివరికి ఆ పట్టుదలే ఇంత పొడుగు పెరిగింది.

పక్క కుర్చీ టీ గ్లాసు చేతుల్లో తిప్పుతూ చాలాసేపు కూర్చున్నాడు. వచ్చిన పని ఏదో ఉందని, అది నోటికి రావడం లేదని తెలుస్తూనే ఉంది.

"నీ కత్తెర... ఆ పెద్దది. పెట్లో ఊరికే పడుంది కదా" అన్నాడు నేల చూస్తూ. "నాకిచ్చెయ్యరాదూ?"

వంటగదిలో అత్తగారి గిన్నెల చప్పుడు ఆగిపోయింది. అప్పుడే పనినుంచి వచ్చి చెప్పులు విడుస్తున్న పొడుగు భార్య ఒక చెప్పు చేత్తో పట్టుకుని అలాగే నిలబడింది. ఆవిడ బ్రెడ్డు చేసే చోట పనిచేస్తుంది, ఆవిడ వస్తే ఇల్లంతా కాలిన పిండి వాసన వస్తుంది.

పొడుగు గోడకేసి చూశాడు. "తీసుకెళ్ళు. సోమవారం సెలవేగా, అప్పుడు రా. నూనె వేసి ఉంచుతాను" అన్నాడు.

పక్క కుర్చీ తల ఎత్తి అతని మొహంలోకి చూశాడు. ఇంకేదో మాట కోసం కాచుకున్నట్టు కాసేపు చూసి, "సరే" అని గొణిగి, టీ సగంలో వదిలేసి లేచిపోయాడు. అడిగింది దొరికినవాడి నడకలా లేదది. ఆ రాత్రి వంటింట్లో గిన్నెలన్నీ మామూలు కన్నా గట్టిగా మోగాయి.

మర్నాడు పొడుగు మంచం దిగలేదు. మంచం దిగడం అంటే అతనికి ఒక పూట పని. కుర్చీని మంచానికి ఆనించాలి, చక్రాలు కదలకుండా బిగించాలి, కాళ్ళని రెండు చేతులతో ఒక్కొక్కటే ఎత్తి కిందికి దించాలి, అరచేతుల మీద బరువు వేసి ఒంటిని జరపాలి. ఇంతా చేసి ఎక్కడికి వెళ్ళాలి? ఇన్నాళ్ళూ ఆ ప్రశ్నకి ఏదో ఒక సెలూన్ బదులు చెప్పేది. ఒకచోట మెట్లు. ఒకచోట ఇరుకు. ఒకచోట, "బేరాలు ఇబ్బంది పడతారండీ". నిన్న వెళ్ళిన మూల మీది సెలూన్ ఒక్కటే మిగిలింది, అదీ అయిపోయింది. గోడ వైపు తిరిగి పడుకున్నాడు. ఆ గోడ మీద పెచ్చులూడిన సున్నం ఏ ఆకారంలో ఉందో అతనికి బాగా తెలుసు. మొదట్లో అది చేపలా ఉండేది. ఇప్పుడు వట్టి సున్నంలాగే ఉంటోంది.

భార్య పనికి వెళ్ళబోతూ తలుపు దగ్గర ఆగింది.

"మీరు లేవలేదని నాకు కోపం లేదండీ" అంది. "నిజంగా లేదు. మీకోసం ఏడవాల్సిందంతా ఏడ్చేశాను, ఇంక నాకు ఓపిక లేదు. కానీ ఆ కత్తెర ఇచ్చెయ్యడం మాత్రం నాకు నచ్చలేదు. ఇంట్లో పొయ్యి వెలగని రోజుల్లో కూడా దాన్ని అమ్ముదామని నేననలేదు."

"ఉంచుకుని ఏం చేస్తానే? చూసి ఏడవడానికా?"

"అదీ నాకు తెలీదు. తెలిస్తే చెప్పేదాన్నిగా." కొంగుతో ముక్కు తుడుచుకుంది. "ఇచ్చేస్తే కత్తెరొక్కటే పోతుందనుకుంటే ఇచ్చెయ్యండి. అంతే."

తలుపు మెల్లగా వేసి వెళ్ళింది. విసురుగా వేసినా బాగుండేది. పొడుగు తలగడలో మొహం పెట్టుకుని ఏడ్చాడు. ఎందుకూ పనికిరానన్న ఏడుపు కాదది. పనికొచ్చేవాణ్ణని చేతులకి ఇంకా తెలుసు, ఆ సంగతి ఇంకెవరికీ పట్టడం లేదన్న ఏడుపు. వంటగదిలోంచి అత్తగారు పెద్దగా దగ్గింది. ఆవిడకి దగ్గు లేదు. నేనున్నానని చెప్పడం అది.

ఇస్తానన్న మాట మాత్రం మాటే కదా. శుక్రవారం మధ్యాహ్నం లేచి పెట్టె దించి ఒళ్ళో పెట్టుకున్నాడు. కత్తెర మెత్తటి గుడ్డలో చుట్టి ఉంది. మరీ తుప్పేమీ లేదు గాని, కీలు దగ్గర పాతనూనె జిగురై పట్టేసింది. మర వదులు చేసి రెండు రెక్కలూ విడదీశాడు. అగ్గిపుల్లకి దూది చుట్టి కీలు లోపల తుడిచాడు. కొత్త చుక్క వేసి మళ్ళీ బిగించాడు, విప్పాడు, మళ్ళీ బిగించాడు. ఒక రెక్క పట్టుకుని వదిలితే రెండోది తన బరువుతో సగందాకా వచ్చి ఆగాలి. పూర్తిగా పడిపోతే వదులు, అసలు రాకపోతే బిగువు. నాలుగోసారికి సగంలో ఆగింది. అప్పుడు వేళ్ళు దూర్చాడు. మంచి పనివాడి చేతిలో కత్తెర కదిలినప్పుడు బొటనవేలు ఒక్కటే ఆడుతుంది, మిగతా చెయ్యంతా నిద్రపోతున్నట్టు ఉంటుంది. గాలిలో రెండుసార్లు ఆడించాడు. చప్పుడు లేదు. నూనె తాగి అది కొత్త కత్తెరలాగే ఉంది. ఇచ్చెయ్యబోయేముందు ఇంత ముస్తాబు చేసినందుకు తన మీద తనకే నవ్వొచ్చింది.

శనివారం ఉదయం అత్తగారు మళ్ళీ పీట మీద కూర్చుని ఉంది. ఈసారి వెల్లుల్లి. వేళ్ళనిండా పొట్టు, కళ్ళనిండా జుట్టు. ఊది చూసింది. తల విదిలించి చూసింది. చివరికి విసుక్కుని, "అల్లుడూ! ఎలాగూ ఇచ్చేస్తున్నావు గదా, ఆఖరి బేరం నన్ను కానివ్వు. ఈ బొచ్చు కాస్త కత్తిరించి పుణ్యం కట్టుకో" అంది.

"నేనా? నాకందదు అత్తయ్యా."

"నేను కొండ మీదేం కూర్చోలేదు. ఇక్కడే ఉన్నాను."

వాదిస్తే ఆవిడతో ఎవరూ గెలవలేరు. పొడుగు పాత దుప్పటి ఒకటి ఆవిడ మెడకు చుట్టాడు. చక్రాలు నెట్టుకుంటూ వెనక్కి వచ్చాడు. చక్రాలు బిగించాడు. దువ్వెన తడిపి పాపిట తీయబోయి, ఆగిపోయాడు.

నడినెత్తి. తెల్లటి జుట్టు మధ్యలో గులాబిరంగు చర్మం, దాని మీద పక్కపక్కన రెండు సుడులు. పైనుంచి కనపడుతోంది. ఆవిడ తల సరిగ్గా తన ఛాతీ దగ్గర ఉంది. నిలబడి పనిచేసిన రోజుల్లో ప్రతి తలా ఎక్కడుండేదో అక్కడే. మోచేతులు తమంతట తామే ఒంటికి ఎంత దూరంలో ఉండాలో అంత దూరంలో సర్దుకున్నాయి. భుజాలు దిగాయి. మణికట్టు వంగింది. ఇన్నాళ్ళూ అవి ఈ చోటు కోసమే వెతుక్కుంటున్నాయి కాబోలు.

"ఏం, ఆగిపోయావు? పేలున్నాయా?"

"రెండు సుడులున్నాయి మీకు" అన్నాడు. "రెండు పెళ్ళిళ్ళవుతాయంటారు."

"చూద్దాం, ఇంకా టైముంది" అంది అత్తగారు వెల్లుల్లి గిల్లుతూ.

పొడుగు గట్టిగా నవ్వాడు. ఆ ఇంట్లో అలాంటి నవ్వు వినపడి చాలాకాలమైంది. పాయ పాయ చీల్చి, వేళ్ళ మధ్య పట్టి, చివర్లు కోసుకుంటూ వచ్చాడు. మెడ దగ్గర జుట్టు ఎటు మొలిచిందో చూసుకుంటూ, చెవి వెనక వంపు మీద దువ్వెన ఆనించి, కత్తెర ఆడించాడు. నుదుటి మీది జుట్టుకి ఆవిడని తనవైపు తిరగమన్నాడు, ఆవిడ పీటతో సహా గిర్రున తిరిగింది. అతను తిరగనక్కర్లేదు, ఎదుటివాళ్ళు తిరగొచ్చు. తనని తాను పైకి లేపుకోవడానికి ఎన్ని తంటాలు పడ్డాడు! తలగడలు, మడతపెట్టిన దుప్పట్లు, ఒకసారి కుర్చీ కింద ఇటుకలు కూడా. పొడుగువాడు కదా, కింద ఏముందో ఎప్పుడూ చూడలేదు. ఎదుటివాణ్ణి దించితే సరిపోతుందన్న ఆలోచన ఒక్కసారైనా రాలేదు.

సాయంత్రం భార్య రాగానే అత్తగారు నెత్తి చూపించింది. భార్య తల్లి చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, మెడ వెనక వేలితో రాసి చూసి, "అమ్మా, అందంగా ఉన్నావే" అంది. తర్వాత మొగుడి వైపు తిరిగింది. ఏదో అడగబోయి మానేసింది. ఆశపడటానికి ఆవిడకి భయమేసింది.

ఆదివారం పొడుగు పీట ఒళ్ళో పెట్టుకుని మూల మీది సెలూన్‌కి వెళ్ళాడు. కుర్చీ నెడుతూ భార్య వచ్చింది. ఆదివారం కదా, బల్లలు నిండిపోయి మనుషులు గోడకి ఆనుకుని నిలబడ్డారు. ఓనరు మళ్ళీ ఎదురొచ్చాడు, మళ్ళీ ఎత్తించాడు. పీట ఎందుకో పొడుగు చెబుతుంటే చివరిదాకా విన్నాడు.

"మీరన్నది నిజమేనండీ, నాకు అర్థమైంది" అన్నాడు బట్టతల తడుముకుంటూ. "కానీ డబ్బిచ్చి వచ్చే పెద్దమనుషుల్ని నేల మీద పీటేసి కూర్చోబెడితే ఏమంటారు? మోకాళ్ళ నొప్పులవాళ్ళు దిగగలరా? దిగినా లేవగలరా?"

అందులో తప్పు పట్టడానికేమీ లేదు. పొడుగు ఆ మాట అనుకోనే లేదు. తన కాళ్ళ గొడవలో పడి ఇతరుల మోకాళ్ళు మర్చిపోయాడు. "అవునండీ" అన్నాడు. శనివారం పొద్దున్నుంచీ మోసుకొచ్చిన సంతోషమంతా కాళ్ళ దగ్గర జారి పడినట్టయింది. భార్య కుర్చీ వెనక్కి తిప్పింది.

అప్పుడే ఒక కేక వినపడింది. మూల కుర్చీ మీద, ఇంకా బడి మొహం కొత్తగా చూస్తున్న వయసు పిల్ల ఒకతి. పిల్లల్ని పెద్ద కుర్చీలో కూర్చోబెట్టడానికి ప్రతి సెలూన్లో ఒకటో రెండో చెక్కలుంటాయి. కుర్చీ చేతుల మీద అడ్డంగా వేసి, పిల్లల్ని వాటి మీద ఎక్కిస్తారు. ఆ పిల్ల చెక్క రెండంచులూ గట్టిగా పట్టుకుని, "పడిపోతా! పడిపోతా!" అని అరుస్తోంది. తండ్రి భుజాలు నొక్కి పట్టాడు. పనివాడు కత్తెర దగ్గరికి తెస్తే పిల్ల మెడ విరుచుకుంటోంది. గోడకి ఆనుకున్నవాళ్ళు చెవులు మూసుకుంటున్నారు.

పొడుగు ఆ చెక్కని చూశాడు. కుర్చీని చూశాడు. పిల్ల తల ఎక్కడుందో, చెక్క లేకపోతే ఎక్కడుంటుందో చూశాడు.

"ఆగు" అన్నాడు భార్యతో. తర్వాత గట్టిగా, "ఆ చెక్క తీసెయ్యండి" అన్నాడు.

"తీసేస్తే అందదన్నా, నడుం విరుగుద్ది" అన్నాడు పనివాడు.

"నీకు విరుగుద్ది. నాకు అందుతుంది."

పనివాడు ఓనరు వైపు చూశాడు. ఓనరు ఏమనుకున్నాడో, తలూపాడు. చెక్క తీసేశారు. పిల్ల మామూలుగా కుర్చీలో కూరుకుని కూర్చుంది. వెనక్కి ఆనుకోవడానికి చోటు దొరికింది, పట్టుకోవడానికి రెండు చేతులు దొరికాయి. ఏడుపు వెక్కిళ్ళలోకి దిగింది. పొడుగు పక్కకి వచ్చి చక్రాలు బిగించాడు. మీట జోలికి వెళ్ళలేదు. ఇద్దరి కళ్ళూ ఒకే ఎత్తులో ఉన్నాయి.

"నువ్వెందుకు కూర్చున్నావు?" అంది పిల్ల. "పెద్దాళ్ళు నిలబడాలిగా."

"నా కాళ్ళు నిలబడవు."

"నొప్పా?"

"ఊహూ. వాటికేమీ తెలీదు."

పిల్ల ఆలోచించింది. "నాక్కూడా కూర్చుంటే తిమ్మిరెక్కుద్ది."

"అదే. నాది పెద్ద తిమ్మిరి."

"కత్తెర చెవి దగ్గర అరుస్తది. నాకొద్దు."

"ఇది అరవదు. కావాలంటే విను." ఆ పిల్ల చెవి పక్కన కత్తెర ఆడించాడు. పిల్ల ఊపిరి బిగబట్టి వింది. ఏమీ వినపడలేదు. ఇంకోసారి అంది. ఇంకోసారి ఆడించాడు. పిల్ల మొహంలో అనుమానం పోయి ఆశ్చర్యం వచ్చింది. పక్క కుర్చీ కోసం వేసిన నూనె చుక్క ఈ పిల్లకి పనికొచ్చింది.

తర్వాత అది మామూలు క్షవరమే. నెత్తిన ఒకే సుడి, కుడివైపు. చెవుల పైదాకా కోసి, మెడ వెనక సన్నగా దించి, నుదుటి మీద సూటిగా ఒక గీత. పొడుగు తన చక్రాల కుర్చీ అటు తిప్పాల్సినప్పుడల్లా పిల్ల కూర్చున్న సీటే తిప్పాడు, పిల్లకి ఆ తిరగడం నచ్చి ఇంకొంచెం తిప్పమంది. మధ్యలో పిల్ల తన స్నేహితురాలి పన్ను ఊడిన సంగతి చెప్పింది. అతను శ్రద్ధగా విని, ఆ పన్ను ఎక్కడ దాచిందో అడిగాడు. గోడకి ఆనుకున్నవాళ్ళు చూస్తున్నారని కూడా మర్చిపోయాడు. అయిపోయాక పిల్ల అద్దంలో చూసుకుని, "ఇంకోసారి ఎప్పుడు?" అని అడిగింది. ఆ సెలూన్లో అలా అడిగిన పిల్ల ఇంతవరకూ లేదు.

వెనక వరసలోంచి ఒకావిడ, "మావాణ్ణి కూడా ఈయనకే ఇవ్వండి. వీడు చెక్కెక్కితే వీధంతా లేస్తుంది" అంది. ఆ తర్వాత ఇంకొకడు. ఎండ గుమ్మం దాటేదాకా పొడుగు తల ఎత్తలేదు.

బేరాలు పల్చబడ్డాక ఓనరు వచ్చాడు. ఈసారి భుజం పట్టుకోలేదు. పొడుగు తెచ్చిన పీట గోడ పక్కనుంటే లాక్కుని, మోకాళ్ళు పట్టుకుని ఉస్సూరుమంటూ దాని మీద కూర్చున్నాడు. నున్నటి బట్టతల పొడుగు ఛాతీ దగ్గర మెరిసింది.

"నేనూ నా తాతలనాటినుంచీ చూస్తున్నాను, పిల్లలంటే చెక్క వెయ్యాలి, అంతే అనుకున్నాను" అన్నాడు. "రోజూ బడి వదిలే వేళకి రాగలరా? ఆదివారం పొద్దున్నే. పెద్దవాళ్ళ సంగతి మెల్లగా ఆలోచిద్దాం. అందరిలాగే వచ్చినదాంట్లో వాటా."

"వస్తాను" అన్నాడు పొడుగు.

ఓనరు లేచి, మూలనున్న పిల్లల చెక్కలు రెండూ చంకలో పెట్టుకుని గుమ్మం దగ్గరికి వెళ్ళాడు. ఒక చెక్క మెట్టుకి ఈ పక్క, ఇంకోటి ఆ పక్క, రెండు చక్రాలకి సరిపడా ఎడంగా వాలుగా పెట్టాడు. కాలితో తొక్కి చూశాడు. "రేపు మేకులు కొట్టిస్తాను. ఇవాళ్టికి నేను పట్టుకుంటాను, నెమ్మదిగా దిగండి" అన్నాడు. ఆ సెలూన్లోంచి పొడుగు ఎవరి చేతుల మీదా కాకుండా బయటికి రావడం అదే మొదటిసారి. వీధి మలుపు తిరిగాక భార్య కుర్చీ ఆపి, వెనకనుంచి అతని మెడ చుట్టూ చేతులు వేసి, ఆ జడలు కట్టిన జుట్టులో మొహం పెట్టుకుంది.

సోమవారం పొద్దున పక్క కుర్చీ వచ్చాడు. లోపలికి రాకుండా గుమ్మంలోనే నిలబడ్డాడు. మొహం పీక్కుపోయి ఉంది.

"కత్తెర కోసం వచ్చావా?" అన్నాడు పొడుగు.

"అదికాదురా." పక్క కుర్చీ కాలితో గడప గీరుతూ మాట్లాడాడు. "నాకు నీ కత్తెర ఎందుకు? నాకుంది. ఆ మాట అంటే నువ్వు తిడతావనుకున్నాను. నా కత్తెర అడగడానికి నువ్వెవడివి, ఫో అంటావని. ఆ మాత్రం రోషం చూద్దామనే వచ్చాను. నువ్వేమో నూనె వేసి ఇస్తానన్నావు. అప్పట్నుంచీ నాకు నిద్ర లేదు. భయమేసింది నాకు. ఇవ్వకు. నేను తీసుకోను."

పొడుగుకి కోపం రావాలి గాని రాలేదు. "అటు తిరుగు" అన్నాడు.

"ఎందుకు?"

"తిరగరా."

తిరిగాడు. పొడుగు అతని మెడ వెనక జుట్టు చూసి నాలుక చప్పరించాడు. "ఎవడ్రా నీ తల ఇలా చేసింది? ఎలుకలు కొట్టిన గడ్డిలా ఉంది. అత్తయ్యా, మీ పీట ఒకసారి ఇవ్వండి."

"అదే పని. నేను నిలబడి వలుచుకుంటాలే, నాకేం, పడుచుదాన్ని" అంది అత్తగారు. అంటూనే పీట తెచ్చి నడిగదిలో వేసింది.

పక్క కుర్చీకి ఇంకా అర్థం కాలేదు. పీట మీద కూర్చున్నాడు. దుప్పటి మెడకు బిగిసింది. తడిదువ్వెన నెత్తిన పాకింది. కత్తెర మొదటిసారి మూసుకుని జుట్టు ఒళ్ళో పడ్డప్పుడు అతనికి అర్థమైంది. భుజాలు కదలడం మొదలుపెట్టాయి.

"కదలకు" అన్నాడు పొడుగు. "కదిలితే చెవి పోద్ది, తర్వాత నన్ననకు."

"కదలట్లేదురా" అన్నాడు పక్క కుర్చీ ముక్కు ఎగబీలుస్తూ.

తొందరపడలేదు పొడుగు. చాలా సోమవారాల పని ఆ తల మీద మిగిలిపోయి ఉంది. అయిపోయాక దుప్పటి విప్పి, విదిలించి, దాన్నే తన మెడకు చుట్టుకున్నాడు. కత్తెర పిడి అవతలివైపు తిప్పి పక్క కుర్చీ చేతికిచ్చాడు.

"కానియ్. రేపు సాయంత్రం బడి వదిలే వేళకి నేను పనికెళ్ళాలి. ఈ అవతారంతో వెళితే పిల్లలు జడుసుకుంటారు."

"పనికా?"

"ముందు చెయ్యి ఆడనియ్యి. చేస్తూ విను."

వంటగదిలో భార్య పొయ్యి కట్టేసి గుమ్మంలోకి వచ్చి నిలబడింది. నిలబడి పనిచేసేవాడికి కుర్చీలో కూర్చున్నవాడి తల సరైన ఎత్తులోనే ఉంది. పక్క కుర్చీ వేళ్ళు పెట్టి ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలో వెతుక్కుంటున్నాడు. నల్లటి పాయలు, నెరిసిన పాయలు జారి, ఇందాక పడ్డ జుట్టు మీదే పడుతున్నాయి.

"ఇదంతా ఎవరు ఊడుస్తారు?" అంది అత్తగారు చీపురు పట్టుకుని.

"అక్కడ పెట్టండి అత్తయ్యా" అన్నాడు పొడుగు కళ్ళు మూసుకుని. "నేను ఊడుస్తాను."